ముందు నడిచినవాడు

ఆ రోజు పొద్దున నేను ముందు నడిచాను. నేను చేసిన తప్పు అదే.

కొండల్లో నడిచే అలవాటున్నవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. లేనివాళ్ళకు చెప్పాలి. కలిసి నడిచేటప్పుడు అందరిలోకీ నెమ్మదిగా నడుస్తున్న మనిషి ముందుండాలి. మిగిలినవాళ్ళు ఆ మనిషి అడుగును బట్టి వెనక రావాలి. అప్పుడు అతను తూలితే కనబడుతుంది. ఆగితే అందరూ ఆగుతారు. నా స్నేహితుడికి ఈ పద్ధతి నేర్పింది నేనే. అనంతగిరి అడవిలో మొదటిసారి వానలో నడిచినప్పుడు అతను హుషారుగా ముందుకు ఉరుకుతుంటే కేకేసి ఆపి, వెనక ఆయాసపడుతున్న నన్ను నేనే చూపించుకుని మరీ నేర్పాను. ఆ రోజు మాత్రం, కనుమ కింద గుడారాల దగ్గర్నుంచి బయల్దేరినప్పుడు, అతన్ని వెనక రమ్మని నేను ముందుకు వెళ్ళాను. వెనక నడిస్తే అతని కాళ్ళు కనబడతాయి. కనబడితే తిరిగిపోవాల్సి వస్తుంది. తిరిగిపోవడం నాకు ఇష్టం లేదు.

మేమిద్దరం కాజీపల్లిలో ఒకే యూనిట్‌లో పనిచేసేవాళ్ళం. మందుల ముడిసరుకు తయారయ్యే చోటు అది. నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని, అతను నా షిఫ్టులో రియాక్టర్ మీద ఆపరేటర్. కొండాపూర్ మండలంలో పత్తి, కంది పండించే కుటుంబం వాళ్ళది. పెళ్ళయ్యాక కొల్లూరులో సర్కారు కట్టించిన డబుల్ బెడ్రూం ఇళ్ళలోకి వచ్చాడు. చర్చికి పోయే ఇల్లు. ఏటా క్రిస్మస్‌కు ముందు ఊరి నుంచి మెదక్ చర్చి దాకా నడిచిపోయే మొక్కు వాళ్ళ నాయన కాలం నుంచీ ఉంది. ఒకసారి చాయ్ తాగుతూ ఆ సంగతి చెబితే నేనూ వస్తానన్నాను.

"మీరా సార్? నడుస్తరా?" అన్నాడు నా పొట్ట వైపు చూస్తూ.

"ఎందుకు నడవ?"

"ఏం లేదు. మా మేనత్త గూడ నడుస్తది. ముసల్ది. ఆమె పక్కపొంటి నడుద్దురు తియ్యుండ్రి."

నిజంగానే ఆ మేనత్త పక్కన నడిచాను. ఆమె కన్నా వెనక మెదక్ చేరాను. పాదాల నిండా బొబ్బలు. అవి మానకముందే ఇంకెక్కడికైనా నడవాలనిపించింది. సెలవులు కలిసొచ్చినప్పుడల్లా ఇద్దరం బయల్దేరేవాళ్ళం. అనంతగిరి అయ్యాక నల్లమల, అక్కణ్ణుంచి పడమటి కనుమలు, ఆ తర్వాత హిమాచల్‌లో మంచు కనుమలు. కొన్నేళ్ళలో మేము తిండీ గుడారం వీపున వేసుకుని, ఏ ఊరూ తగలని దారుల్లో రోజుల తరబడి నడవగలిగే మనుషులమయ్యాం. నా పొట్ట పోయింది. అతనికి ముందు నుంచీ లేదు.

"కంపెనీ గేటు దాటినంక నన్ను సార్ అనకు" అన్నాను తొలి రోజుల్లో.

"మరేమనాలె?"

"అన్నా అను."

"గట్లంటే రేపు షిఫ్టుల గూడ నోట్లకెళ్ళి అన్నా అనే వస్తది. అందరు నవ్వుతరు."

ఒక్కసారి కూడా పొరబడలేదు. గేటు లోపల సార్, కొండ మీద అన్నా. అతను ఆ హద్దు అంత జాగ్రత్తగా కాపాడుకుంటున్నాడంటే, గేటు లోపలి నేను ఎలాంటివాణ్ణో ఒకసారి ఆలోచించి ఉండాల్సింది.

మా పనిలో తలనొప్పి మామూలు. ఎంత బిగించినా, సరుకును కరిగించడానికి వాడే సాల్వెంట్ ఆవిరి ఎక్కడో ఒక చోట తప్పించుకుంటుంది. రియాక్టర్ మూత తీసి పొడి పోసేటప్పుడు, తడి సరుకు బయటికి తీసేటప్పుడు తల బరువెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. మనుషులు షెడ్డు వెనక గాలికి కాసేపు కూర్చుంటారు. క్యాంటీన్‌లో ఒక డబ్బా నిండా బెల్లం ఉంటుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, మజ్జిగ తాగి, మళ్ళీ లోపలికి వస్తారు. బెల్లం తింటే గ్యాస్ ఒంటికి పట్టదని మాలో అందరి నమ్మకం. కెమిస్ట్రీ చదువుకున్న నేను కూడా నమ్మేవాణ్ణి. నమ్మడం సులువు కాబట్టి నమ్మేవాణ్ణి. ఎవరైనా వచ్చి తల నొస్తుంది, ఈ పూట ఇంటికి పోతానంటే నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది.

"తలకాయ ఉన్నంక నొయ్యదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అడిగినవాడు కూడా వాళ్ళతో కలిసి నవ్వి మిషన్ దగ్గరికి పోయేవాడు. బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు మనుషులకు అదే మాట హిందీలో చెప్పేవాణ్ణి. వాళ్ళూ నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు నా షిఫ్టులో తలనొప్పి అని ఎవరూ నా దగ్గరికి రావడం మానేశారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. నా మనుషులు గట్టివాళ్ళని నేను అందరికీ చెప్పుకున్నాను.

ఉత్తరాదిన ఒక పెద్ద శిఖరం చుట్టూ తిరిగే దారి ఉంది. ఒక లోయ వెంట ఎక్కి, అయిదు వేల మీటర్లకు పైనున్న కనుమ దాటి, అవతలి లోయలోకి దిగి, ఆ నది వెంట తిరిగి తిరిగి మళ్ళీ బయల్దేరిన ఊరికే చేరాలి. అక్కడివాళ్ళు పరిక్రమ అంటారు. కొత్తవాళ్ళను గైడ్లు తీసుకుపోరు. ఇంతకు ముందు ఏయే కనుమలు దాటారని అడిగి మరీ ఒప్పుకుంటారు. లోపలికి వెళ్ళాక రోడ్డు లేదు, ఫోన్ పలకదు, మధ్యలో పక్కకు దిగిపోయే బాట లేదు. ముందుకు పోవాలి, లేదంటే వచ్చిన దారినే పోవాలి. మేమిద్దరం వెళ్ళడానికి ముందు ఏడాది నేనొక్కణ్ణే వేరే జట్టుతో వెళ్ళాను. మంచు పడి కనుమ మూసుకుపోయింది. సగంలోంచి వచ్చేశాను. క్యాంటీన్‌లో ఆ సంగతి చాలాకాలం నడిచింది.

"సారు కొండ సుట్టు తిరగనీకి పోయి సగం తిరిగొచ్చిండంట."

"సగం తిరిగితే సగం పుణ్యమన్న రాదా?"

"వస్తది. సగం ప్రసాదం గూడ పెడ్తరు. మిగిలిన సగం వచ్చే ఏడు."

నేను కూడా నవ్వాను. కానీ ఆ సగం లోపల ముల్లులా ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళాలనుకున్నప్పుడు, ఈసారి చేలో పని ఉంది, వద్దన్నా, అంటున్న నా స్నేహితుణ్ణి నేనే బతిమాలి ఒప్పించాను.

ఆ ఎండాకాలమంతా కొల్లూరులో వాళ్ళ బ్లాకు మెట్లే మాకు కొండ. వీపు సంచుల్లో నీళ్ళ క్యాన్లు పెట్టుకుని కింది నుంచి పై అంతస్తు దాకా ఎక్కేవాళ్ళం, దిగేవాళ్ళం, మళ్ళీ ఎక్కేవాళ్ళం. తలుపుల దగ్గర కూర్చుని కూరగాయలు తరుక్కునే ఆడవాళ్ళకు మేమొక వేడుక.

"ఏందన్నా, లిఫ్టు నడుస్తుంది గదా. మెట్లెక్కి మోస్తున్నరేంది?"

"మొక్కు అక్కా" అనేవాడు అతను.

"మొక్కయితే మా ఇంట్ల గూడ ఒక క్యాను ఏసిపోండ్రి. మీకే పుణ్యం."

ఒకరోజు నిజంగానే ఒకామె ఇంట్లో క్యాను దించి వచ్చాడు. మర్నాటి నుంచి ఆమె మా కోసం ఖాళీ క్యాను బయట పెట్టి ఉంచేది.

అతని భార్య పటాన్‌చెరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. మేము బయల్దేరే ముందు రోజు ఆమె నాకు చాయ్ ఇస్తూ, అతను లోపలి గదిలో సంచి సర్దుకుంటుండగా, గొంతు తగ్గించి అంది.

"అన్నా, ఆయన నొప్పున్నా చెప్పడు. పన్ను నొప్పి లేస్తే మొఖం వాచినంకనే నాకు తెలిసింది. జెర మీరే కనిపెట్టుకోవాలె."

"నా కండ్ల ముందలనే ఉంటడు చెల్లే" అన్నాను.

నది పక్కన మొదలుపెట్టిన నడక మొదట్లో బాగా సాగింది. దేవదారు చెట్లు, ఆ పైన తొక్క ఊడిపోతూ తెల్లగా కనబడే భూర్జ చెట్లు, ఇంకా పైకి పోతే చెట్లే లేని రాళ్ళ బీడు. అతను పాటలు పాడుకుంటూ నడిచాడు. ఆ లోయలోనే పుట్టి పెరిగిన గైడు ఒకడు మా వెంట ఉన్నాడు. నా స్నేహితుడి దక్కనీ హిందీకి గైడు నవ్వేవాడు, గైడు హిందీకి ఇతను నవ్వేవాడు. కనుమ దగ్గరపడే కొద్దీ పాట ఆగింది. అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టాడు. ఎత్తుకు పోయాక ఆకలి చచ్చిపోవడం అందరికీ ఉండేదే కదా అనుకున్నాను.

కనుమ కింద చివరి మజిలీకి మేము చేరేసరికి అక్కడ ఒక జట్టు గుడారాలు విప్పుతోంది. హైదరాబాదు కుర్రాళ్ళే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వాళ్ళలో ఒకరికి తలనొప్పి, వాంతులు. అంత ఎత్తున గాలి పలచబడి వచ్చే జబ్బు అది, దానికి మందు కిందికి దిగడమే. అందరూ కలిసి దిగిపోతున్నారు. అంత దూరం వచ్చి, కనుమ కళ్ళ ముందుండగా, ఒక్క మనిషి కోసం అందరూ దిగిపోతున్నారు.

వాళ్ళు మలుపు తిరిగాక అన్నాను. "ఏసీల కూసునేటోళ్ళకు వస్తది గా బీమారి. మనం ఏడాది పొడుగునా గ్యాసుల ఉంటం. మన తలకాయలు గట్టిగైనయి."

హాస్యానికి అనలేదు. అది నా నమ్మకం. సాల్వెంట్‌కు తట్టుకున్న తల దేనికైనా తట్టుకుంటుందని, ఏళ్ళ తరబడి మేము పీల్చింది మాకు బలమై కూర్చుందని నమ్మాను. మా బెల్లం డబ్బాలోంచి కొంత కాగితంలో చుట్టి అంత దూరం మోసుకొచ్చాను కూడా.

చీకటి పడే వేళ గైడు మా గుడారంలోకి తొంగి చూసి, తలనొప్పి ఉందా అని ఇద్దరినీ అడిగాడు. నేను లేదన్నాను. నా స్నేహితుడు తల వంచుకుని బూటు లేసు విప్పుతున్నాడు.

"నొస్తుందా తమ్మీ?" అన్నాను.

"తలకాయ ఉన్నంక నొయ్యదా సార్?" అన్నాడు.

నేను పెద్దగా నవ్వాను. ఆ మాట గైడుకు హిందీలో చెప్పాను. గైడు నవ్వలేదు. కొండ మీద అతను నన్ను సార్ అనడం అదే మొదటిసారి. నాకు వినబడింది. వినబడి కూడా నవ్వుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు తెలుస్తోంది, అతను నాకు జవాబు చెప్పాడు. నా భాషలో, నాకు అర్థమయ్యేలా, నొస్తుందనే చెప్పాడు.

తెల్లారక ముందు గుడారం వెనక వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడి మెలకువ వచ్చింది. చప్పుడు కాకుండా చేసుకోవాలని ఆ మనిషి పడుతున్న అవస్థ కూడా వినబడింది. నేను లేవలేదు. అతను వచ్చి పడుకున్నాక, అప్పుడే మేలుకున్నట్టు ఒళ్ళు విరుచుకున్నాను.

"నిద్ర పట్టిందా?" అని అడిగాను.

"పట్టింది సార్."

కాగితం విప్పి బెల్లం ముక్క చేతిలో పెట్టాను. "తిను, ఉషార్ వస్తది." అతను నా వైపు చూసి, తల ఊపి, ముక్కను జాకెట్ జేబులో వేసుకున్నాడు. వేసుకోవడం చూశాను.

బయట గైడు నేల మీద కర్రతో ఒక గీత గీసి, దాని మీద ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనించి నడవమన్నాడు. అతను కొంచెం నడిచి పక్కకు ఒరిగాడు. నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఒరిగాడు. గైడు నన్ను పక్కకు పిలిచి, "నీచే చల్తే హై సార్" అన్నాడు. దిగిపోదాం అని.

"నిద్ర సరిగ్గా లేదు, అంతే. నా మనిషి సంగతి నాకు తెలుసు" అన్నాను హిందీలో.

"ఒక్క రోజు దిగి చూద్దాం. బాగుంటే మళ్ళీ వద్దాం."

"రేపు మంచు పడితే?"

గైడు ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను, నన్ను నేను కాచుకోవడానికి. అతను గట్టిగానే చెప్పాడు. పైగా డబ్బిచ్చి అతన్ని పెట్టుకున్నవాణ్ణి నేను. చివరికి అతను చేయగలిగింది ఒకటే చేశాడు, నా స్నేహితుడి వెనక నిలబడ్డాడు. నేను ముందు నడిచాను.

రాళ్ళు, గడ్డకట్టిన మంచు, మళ్ళీ రాళ్ళు. గాలి ఎదురుగా కొడుతోంది. వెనక నుంచి గైడు పిలుపు వినబడింది. చెయ్యి ఎత్తి రమ్మన్నట్టు ఊపి నడుస్తూనే ఉన్నాను. మళ్ళీ పిలిచాడు. గాలి హోరులో వినబడలేదని నాకు నేను చెప్పుకున్నాను. కనుమ మీద కట్టిన జెండా గుడ్డలు రంగులతో సహా కనబడుతున్నాయి. మూడోసారి అతను పిలవలేదు, అరిచాడు. అప్పుడు తిరిగి చూశాను.

నా స్నేహితుడు రాళ్ళ మీద కూర్చుని చేతి తొడుగులు తీసేశాడు. ఎదురుగా ఏమీ లేని చోట రెండు చేతులతో దేన్నో పట్టుకుని తిప్పుతున్నాడు. దగ్గరికి వెళ్ళేదాకా నాకు అర్థం కాలేదు. రియాక్టర్ వాల్వు తిప్పుతున్నాడు.

"బందు అయితలేదు సార్" అన్నాడు. మాట ముద్దగా ఉంది. "వాసనొస్తుంది. అందరిని బయటికి పంపుండ్రి. జల్దీ పంపుండ్రి సార్."

అక్కడ ఉన్నది మేము ముగ్గురమే. చల్లని గాలి తప్ప ఏ వాసనా లేదు. తన తల పగిలిపోతుంటే అతను మిగిలినవాళ్ళను బయటికి పంపమంటున్నాడు. ఏళ్ళపాటు నేను ఒక్కసారి కూడా ఇవ్వని ఆజ్ఞ అది.

తిరిగి దిగిన సంగతి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గైడూ నేనూ చెరో భుజం కింద చెయ్యి వేసి ఈడ్చుకొచ్చాం. కాళ్ళు రాళ్ళకు తగులుతుంటే ఎత్తడం కూడా అతనికి తెలియలేదు. చివరి మజిలీలో అతన్ని నా ఒళ్ళో పడుకోబెట్టి గైడు కిందికి పరుగెత్తాడు. దిగిపోయిన ఆ హైదరాబాదు జట్టు కింది మజిలీలో ఇంకా ఉంది. వాళ్ళ దగ్గర ఆక్సిజన్ సిలిండర్ ఉంది. తమ మనిషికి నెమ్మదించడంతో దాన్ని ఇచ్చి పంపారు. ఇద్దరు పైకి వచ్చి స్ట్రెచర్ మోశారు. వాళ్ళలో ఒకతను దారిలో నన్ను అడిగాడు. "అంకుల్, నిన్న మేము దిగేటప్పుడు ఈయన బాగనే ఉన్నరు గదా?"

"ఆఁ, బాగనే ఉండె" అన్నాను.

మెదడు వాచిందని ఆసుపత్రిలో చెప్పారు. ఇంకొంచెం పైకి పోయి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. అతని భార్య రైళ్ళు, బస్సులు మారి ఆసుపత్రి ఉన్న ఆ కొండ ఊరికి వచ్చింది. మంచం పక్కన నిలబడి చాలాసేపు అతన్ని చూసి, నా వైపు తిరిగింది.

"మీకు చెప్పలేదా అన్నా?"

"చెప్పలేదు చెల్లే."

మాట వరకు చూస్తే అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా వచ్చింది. ఆమె మంచం వైపు తిరిగి ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. "ఎన్నిమాట్ల చెప్పిన నీకు, నొస్తే నోరు తెరిచి చెప్పుమని? ఎవలకు చెప్పక ఏం సాధించినవ్?" అతనికి అప్పటికి మాట రావడం లేదు. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఆమె తిడుతున్నంతసేపూ నా మీదే ఉన్నాయి. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

యూనిట్‌లోనూ అదే చెప్పాను. "తల నొస్తే చెప్పొద్దా మరి? గంత మొండితనమెందుకు?" అన్నారు అందరూ. నన్ను ఓదార్చారు కూడా. నేను ఓదార్పు తీసుకున్నాను.

అతను బతికాడు. మాట నెమ్మదిగా తిరిగొచ్చింది, ఒక్కో మాటకూ వెతుక్కుంటాడు. నడక రాలేదు. అంటే నడుస్తాడు, కానీ కాళ్ళు ఎడంగా వేసి, కదిలే బస్సులో నిలబడ్డవాడిలా గోడ పట్టుకుని నడుస్తాడు. బాగుపడొచ్చు, ఇలాగే ఉండిపోనూ వచ్చు అన్నారు డాక్టర్లు. రియాక్టర్ మీద ఇక పనికిరాడని కంపెనీ తేల్చింది. గేటు దగ్గర కూర్చునే పని ఏదో ఇస్తామంటే తల అడ్డంగా ఊపాడు. డిసెంబర్ వచ్చింది. వాళ్ళ కుటుంబం మెదక్ నడిచిపోయింది. అతను పోలేదు. మేనత్త ఫోన్ చేసి ఏడ్చిందట.

ఆ తర్వాత ఒక ఆదివారం పళ్ళు తీసుకుని కొల్లూరు వెళ్ళాను. అప్పటికి నా రాకపోకలు తగ్గాయి. అతను బాల్కనీ తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆమె బట్టలు ఆరేస్తోంది. మాటల్లో అంది.

"ఆయన చలి జాకెట్ మొన్న సంచిల నుంచి తీసిన అన్నా. గోడ పొంటి చీమల బారు. ఏందా అని సూస్తే జేబుల బెల్లం ముక్క. తినలేకపోయిండు, గది గూడ చెప్పలేదు సూడుండ్రి మీకు."

బెల్లం జేబులో వేసుకోవడం చూసింది నేను. అతని వైపు చూశాను. ఆసుపత్రిలో చూసినట్టే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఇంకా నయమయ్యేది. ఎదురు చూస్తున్నాడు, అంతే.

"ఆ బెల్లం నేనిచ్చిందే" అన్నాను. అక్కణ్ణుంచి ఆగలేదు. వాంతి చప్పుడు విన్నానని, పడుకునే ఉన్నానని చెప్పాను. గైడు గీత గీయడం, దిగిపోదామనడం, నేను వద్దనడం చెప్పాను. ముందు ఎందుకు నడిచానో చెప్పాను. అంతకు ముందు సాయంత్రం తలనొప్పి సంగతి అడిగితే అతను జోకు వేశాడని కూడా చెప్పాను.

అప్పుడు అతను నోరు తెరిచాడు. మాట కోసం వెతుక్కుని, నెమ్మదిగా అన్నాడు. "గా మాట... మీదే గద సార్."

ఆమె చేతిలో తడి చీర అలాగే ఉంది. దాన్ని బకెట్‌లోకి వదిలేసి అంది. "మా ముందట చెప్పిండ్రు. బయట ఏమని చెప్పిండ్రు?"

"ఆయన చెప్పలేదనే."

"అందరు ఈయన్ను మొండోడంటుండ్రు. చర్చిల గూడ అంటుండ్రు. నేనే ఎన్నిమాట్ల అన్ననో." నా ఎదురుగా వచ్చి నిలబడింది. "పోయి బయట చెప్పుండ్రి. చెప్పినంకనే ఈ ఇంటికి రాండ్రి."

పళ్ళ సంచి నా చేతికే తిరిగి ఇచ్చింది.

మర్నాడు షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడే చోట, రోజూ నేను జాగ్రత్తలు చదివే చోట, ఇదంతా చెప్పాను. నా మాట నేర్పిన పాఠమే అతని నోరు మూయించిందని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఓదార్చడానికి కూడా ఎవరూ దగ్గరికి రాలేదు. మేనేజరు పిలిపించి, "ఇంటి సంగతులు ఇక్కడెందుకయ్యా?" అన్నాడు. కొల్లూరు చర్చి బయట నిలబడి కూడా చెప్పాను, ఆరాధన అయిపోయి జనం బయటికి వస్తున్నప్పుడు. కొందరు విన్నారు. కొందరు నన్ను తాగొచ్చాననుకున్నారు.

కొన్నాళ్ళకు బీహార్ మనిషి ఒకడు వచ్చి, నా మొహంలోకి చూడకుండా, సిర్ మే దర్ద్ హై, తల నొస్తుంది అన్నాడు. రియాక్టర్‌లో పొడి పోయడం సగంలో ఉంది. ఆపించాను. లోపల ఉన్నవాళ్ళందర్నీ బయటికి పంపించాను. ఆ బ్యాచ్ పాడైంది. అలాగే ఇంకోసారి అయ్యాక నన్ను ఇన్‌చార్జి నుంచి తీసేసి గోదాముకు పంపారు. గోదాములో ఏ వాసనా లేదు. నా షిఫ్టుకు వచ్చిన కొత్త ఇన్‌చార్జి, క్యాంటీన్‌లో విన్నాను, మనుషులతో సరదాగా ఉంటాడట. బెల్లం డబ్బా ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు డ్యూటీకి పోయే ముందు రోజూ పొద్దున కొల్లూరు వెళ్తాను. ఆమె తలుపు తీస్తుంది, లోపలికి రమ్మనదు. లిఫ్టులో దిగి ఇద్దరం వాళ్ళ బ్లాకు చుట్టూ నడుస్తాం. అతను ముందు, నేను వెనక. గోడ ఉన్నంత మేర గోడ పట్టుకుంటాడు, లేని చోట ఆగి, ఊపిరి తీసుకుని, వదిలేసి నడుస్తాడు. అతని కాళ్ళు నాకు కనబడుతూనే ఉంటాయి. మెట్ల మీద మమ్మల్ని ఆటపట్టించిన ఆడవాళ్ళు ఇప్పుడు ఏమీ అనరు. క్యాను బయట పెట్టే ఆమె ఒకసారి, "ఎట్లున్నవ్ తమ్మీ?" అని అతన్ని మాత్రం అడిగింది. నాతో అతను మాట్లాడడు. అన్నా అనడు. సార్ అని కూడా అనడు.

మొన్న పొద్దున బ్లాకు వెనక వైపు, నీడ ఇంకా పోని చోట, ఆగిపోయాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"తల నొస్తుంది."

నిజంగా నొస్తోందో, నేనేమంటానో చూద్దామని అన్నాడో నాకు తెలియదు. అడగలేదు. నాకు డ్యూటీ వేళ దాటిపోతోంది, గోదాము తాళాలు నా దగ్గరే ఉన్నాయి.

"కూసుందాం" అన్నాను.

అక్కడి సిమెంటు గట్టు మీద అతన్ని కూర్చోబెట్టి, పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాను. జేబులో ఫోన్ మోగింది, మళ్ళీ మోగింది. అతను లేచేదాకా నేను లేవలేదు.